ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు ప్రమాదం తెస్తే బాధ్యత ఎవరిది? రాయగడ, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు ఉండే మనవాళ్లకు ఆన్‌లైన్ సరుకుల మీద ఫిర్యాదులు రాసిపెట్టడం కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని. నేను వకీలుని కాను. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. ఎక్కువమంది నా దగ్గరకు వచ్చేసరికే కాలిపోయిన వస్తువు వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది, ఫోన్‌లో ఒక్క ఫోటో కూడా ఉండదు. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఇదంతా. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాశాను.

## కొనే ముందు

"మేం వేదిక మాత్రమే, అమ్మేది వేరేవాళ్లు" అని యాప్‌లో రాసి ఉంది. అంటే ప్రమాదం జరిగితే యాప్ కంపెనీకి సంబంధం లేనట్టేనా?

కాదు. కంపెనీలు ఆ మాట అనడానికి ఒక ఆధారం ఉంది. ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తిని బాధ్యుణ్ణి చేయకుండా ఐటీ చట్టం 2000లోని 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కానీ ఆ రక్షణకు షరతులున్నాయి. మధ్యవర్తి తన వంతు జాగ్రత్త తీసుకోవాలి, చట్టవిరుద్ధమైనది ఉందని తెలిశాక తొలగించాలి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 అమల్లోకి వచ్చింది 2020 జూలైలో. "ఎలక్ట్రానిక్ సర్వీస్ ప్రొవైడర్" అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ ఉంది. లోపమున్న వస్తువు వల్ల జరిగే హానికి ఎవరు బాధ్యులో 82 నుంచి 87 దాకా సెక్షన్లు చెబుతాయి. వస్తువును తయారు చేయని అమ్మకందారు కూడా కొన్ని సందర్భాల్లో బాధ్యుడవుతాడని 86వ సెక్షన్ అంటుంది. ప్యాకింగ్, లేబుల్, పరీక్షల మీద అతనికి గట్టి అదుపు ఉన్నప్పుడు, వస్తువును మార్చినప్పుడు, సొంతంగా హామీ ఇచ్చినప్పుడు, తయారీదారు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా నోటీసు అందించలేనప్పుడు, తయారీదారు ఇచ్చిన హెచ్చరికను కొన్నవాళ్లకు చేర్చనప్పుడు.

ఇవి మీ కేసుకు ఎలా వర్తిస్తాయన్నది ఆ యాప్ ఏమేం చేసిందన్న దాని మీద ఆధారపడుతుంది. సరుకు తన గోడౌన్‌లో పెట్టి, తన డబ్బాలో సర్ది, తన కుర్రాడితో పంపిన కంపెనీ "నాకేమీ తెలియదు" అంటే నమ్మడం కష్టం. నా అభిప్రాయం కూడా అదే. ప్రతి అమ్మకం మీదా కమిషన్ తీసుకునేవాళ్లు ప్రమాదంలో వాటా వద్దనడం న్యాయం కాదు.

యాప్ కంపెనీల మీద నిజంగా చర్య తీసుకున్న దాఖలా ఉందా?

ఉంది. ప్రెషర్ కుక్కర్ల విషయం చూడండి. నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో వాడే కుక్కర్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ తర్వాత కూడా ముద్ర లేని కుక్కర్లు పెద్ద యాప్‌లలో అమ్ముడుపోయాయి. సీసీపీఏ అని పిలిచే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో దీని మీద ఉత్తర్వులిచ్చింది. అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్ల విషయంలో కొన్నవాళ్లకు సమాచారమివ్వాలని, వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని చెప్పింది. ఒక్కో కంపెనీకి లక్ష రూపాయల జరిమానా వేసింది.

జరిమానా కంటే ముఖ్యమైనది ఆ సంస్థ చెప్పిన కారణం. ఆ 2,265 కుక్కర్ల మీద అమెజాన్‌కు కమిషన్‌గా వచ్చింది 6 లక్షల రూపాయలకు పైనే. ప్రతి అమ్మకం మీదా డబ్బు తీసుకుంటున్నప్పుడు, ఆ వస్తువుతో సమస్య వస్తే నాకు సంబంధం లేదని తప్పుకోవడం కుదరదని చెప్పింది. అమెజాన్ ఆ ఉత్తర్వును ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది.

2025 మార్చిలో, ఐఎస్ఐ ముద్రకు లైసెన్సు ఇచ్చే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) అధికారులు ఢిల్లీలోని అమెజాన్ గోడౌన్‌ను 15 గంటలకు పైగా తనిఖీ చేశారు. ముద్ర లేనివి, నకిలీ ముద్ర ఉన్నవి కలిపి 3,500కు పైగా కరెంటు వస్తువులు పట్టుకున్నారు. కాబట్టి "పెద్ద కంపెనీ, మనమేం చేయగలం" అని ముందే చేతులెత్తేయకండి.

ఫోటోలో ఐఎస్ఐ ముద్ర కనిపిస్తోంది. అసలుదో కాదో ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

అసలు ముద్రకు మూడు భాగాలుంటాయి. పైన ఐఎస్ అక్షరాల పక్కన ప్రమాణం నంబరు, మధ్యలో ఐఎస్ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరు. కింద నంబరు లేని ముద్ర ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకోండి, డబ్బులేమీ అక్కర్లేదు. అందులో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా నడుస్తోందా అన్నది కనిపిస్తుంది. వస్తువు పేరు తప్పకుండా చూడండి. ఇస్త్రీ పెట్టెకు తీసుకున్న నంబరును హీటర్ రాడ్ మీద వేస్తే మనం ఎలా కనిపెడతాం? అక్కడే. పవర్ బ్యాంకులు, ఛార్జర్ అడాప్టర్లకు ఐఎస్ఐ గుర్తు ఉండదు. వాటికి ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అదీ ఇదే యాప్‌లో చూడొచ్చు. పార్సిల్ వచ్చాక వస్తువు మీద ఉన్న నంబరుతో మరోసారి సరిచూడండి, ఎందుకంటే ఫోటోలోది ఒకటి, డబ్బాలోది ఒకటి కావొచ్చు.

ఏయే వస్తువులకు ఈ ముద్ర తప్పనిసరి?

జాబితా చాలా పెద్దది, పెరుగుతూ కూడా ఉంది. మన ఇళ్లకు ఎక్కువగా వచ్చేవి చెబుతాను. బండి హెల్మెట్లు (2021 జూన్ 1 నుంచి), ప్రెషర్ కుక్కర్లు, 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలు (2021 జనవరి 1 నుంచి), హీటర్ రాడ్లు, ఇస్త్రీ పెట్టెలు, గ్యాస్ పొయ్యిలు. వీటిని ముద్ర లేకుండా తయారు చేయడమే కాదు, అమ్మడం, అమ్మకానికి పెట్టుకోవడం కూడా బీఐఎస్ చట్టం 2016 ప్రకారం నేరమే.

రాయగడ నుంచి కొరాపుట్ ఘాట్ రోడ్డు మీద బండి నడిపే కుర్రాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మూడు వందలకు దొరికే టోపీలాంటి సగం హెల్మెట్ చలానా నుంచి కాపాడుతుందేమో గానీ తలను కాపాడదు.

ఆన్‌లైన్‌లో అసలు అమ్మకూడనివి ఏవి?

టపాసులు: ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో చెప్పింది. ఈ-సిగరెట్లు: 2019 చట్టంతో పూర్తిగా నిషేధం. కారు సీటు బెల్టు పెట్టుకోకపోయినా అలారం మోగకుండా ఆపే క్లిప్పులు: 2023లో సీసీపీఏ ఐదు కంపెనీల మీద ఉత్తర్వులిచ్చాక 13,118 లిస్టింగులు తీసేశారు. డాక్టరు చీటీ అవసరమైన మందులను చీటీ అడగకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

రేటింగ్ నాలుగున్నర ఉంది, వేలమంది కొన్నారు. అయినా అనుమానించాలా?

అనుమానించాలి. డెలివరీ అయిన రెండో రోజే నక్షత్రాలు ఇచ్చేస్తారు. ఇన్సులేషన్ బాగుందో లేదో రెండు రోజుల్లో తెలియదు. ఒకే నక్షత్రం ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి. "షాక్", "పొగ", "కరిగిపోయింది" అనే మాటలు రెండు మూడు చోట్ల కనిపిస్తే ఆ వస్తువు జోలికి వెళ్లకండి.

పత్తికి కొట్టే పురుగుమందు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది. తెప్పించుకోవచ్చా?

గుణుపూర్ వైపు పత్తి వేసే రైతులు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఇది. 2022 నవంబరులో నిబంధనలు మార్చి, లైసెన్సు ఉన్నవాళ్లు పురుగుమందులు ఆన్‌లైన్‌లో అమ్మడానికి కేంద్రం అనుమతించింది. అమ్మేవాడికి లైసెన్సు ఉందో లేదో చూసుకోవడం యాప్ కంపెనీ బాధ్యత. కాబట్టి చట్టప్రకారం తెప్పించుకోవచ్చు.

అయినా నా సలహా వేరు. మందు ఎంత కలపాలి, దేనితో కలపకూడదు, గాలి ఎటు ఉన్నప్పుడు కొట్టాలి, ఒంటికి ఏం కట్టుకోవాలి అన్నది ఎదురుగా నిలబడి చెప్పే మనిషి ఉండాలి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అది మన పత్తిలాంటి పత్తే, మనలాంటి రైతులే. తప్పనిసరై తెప్పించుకుంటే సీలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, డబ్బా మీద విషం తీవ్రతను చెప్పే రంగు ముక్కోణం చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మీకు చదవడం వచ్చిన భాషలో లోపల కరపత్రం లేకపోతే సీలు విప్పకండి.

యాప్ కంపెనీల బాధ్యత మీద ఈ గొడవ మన దేశంలోనేనా?

కాదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2024 జూలైలో, తన గోడౌన్ నుంచి పంపిన ఇతరుల సరుకులకు అమెజాన్‌ను పంపిణీదారుగానే చూడాలని చెప్పింది. లక్షల వస్తువులు అందులో ఉన్నాయి. యూరప్‌లో 2024 డిసెంబరు 13 నుంచి కొత్త భద్రతా నిబంధనలు మార్కెట్‌ప్లేస్‌ల మీద నేరుగా బాధ్యతలు పెట్టాయి.

## పార్సిల్ వచ్చాక

డబ్బా విప్పాను, ముద్ర లేదు. ఇంకా వాడలేదు. ఏం చేయాలి?

"ఒకసారి పెట్టి చూద్దాం" అనుకోకండి. వస్తువుకు అన్ని వైపులా, ప్లగ్గుకు, డబ్బాకు, లేబుల్‌కు ఫోటోలు తీయండి. రిటర్న్ పెట్టేటప్పుడు "నచ్చలేదు" అనే కారణం నొక్కకండి. చాలామంది త్వరగా తేలిపోతుందని అదే నొక్కుతారు. "లోపమున్న వస్తువు" అని ఎంచుకుని, కింద "తప్పనిసరి ఐఎస్ఐ ముద్ర లేదు" అని రాయండి. అప్పుడే కంపెనీకి ఆ సంగతి తెలిసినట్టు రికార్డులో ఉంటుంది. రేపు అదే వస్తువు ఇంకొకరి ఇంట్లో పేలితే, తమకు తెలియదని వాళ్లు అనలేరు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఫిర్యాదు పెట్టే చోటు ఉంది, అందులోనూ పెట్టండి.

"రిటర్న్ లేదు" అని ముందే రాసి ఉంది. ఇక అంతేనా?

లోపమున్నది, నకిలీది, చెప్పినదానికి భిన్నమైనది అయితే ఆ మాట చెల్లదు. అలాంటి వస్తువును వెనక్కి తీసుకోకుండా, డబ్బు తిరిగివ్వకుండా అమ్మకందారు నిరాకరించకూడదని ఈ-కామర్స్ నియమాలు 2020 చెబుతున్నాయి.

ఏ కాగితాలు దాచుకోవాలి?

బిల్లు, ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన మెసేజ్, డబ్బా మీద అడ్రస్ చీటీ. అన్నిటికంటే ముందు, వస్తువు అమ్మకానికి పెట్టిన పేజీని కొన్నరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రమాదం వార్త బయటికొచ్చాక ఆ పేజీ ఉండదు. "ఐఎస్ఐ", "షాక్‌ప్రూఫ్", "పిల్లలకు సురక్షితం" అని అక్కడ రాసిన మాటలే తర్వాత మీకు సాక్ష్యం. క్యాష్ ఆన్ డెలివరీ అయితే కుర్రాడికి ఇచ్చిన డబ్బుకు మెసేజ్ వచ్చిందో లేదో అప్పుడే చూసుకోండి.

అమ్మకందారు పేరు ఉంది గానీ అడ్రస్, ఫోన్ లేవు. ఎవరిని పట్టుకోవాలి?

యాప్ కంపెనీని. అమ్మకందారు వ్యాపారం పేరు, అడ్రస్, కస్టమర్ కేర్ నంబరు పేజీలో చూపించడం మార్కెట్‌ప్లేస్ బాధ్యత. కొన్న తర్వాత మీరు రాతపూర్వకంగా అడిగితే ప్రధాన కార్యాలయం, శాఖల అడ్రస్‌లు, ఈమెయిల్ కూడా ఇవ్వాలి. ఫోన్‌లో అడగకండి, ఈమెయిల్‌లోనో చాట్‌లోనో అడిగి ఆ పేజీ దాచుకోండి. వాళ్లు ఇవ్వకపోయినా మీకే బలం. తయారీదారు జాడ దొరకనప్పుడు బాధ్యత అమ్మినవాళ్ల మీదకు వస్తుందని చట్టంలోనే ఉంది.

డబ్బా మీద అంతా చైనా భాషలోనే ఉంది. తీసుకోవచ్చా?

వద్దు. బయటి దేశం సరుకైతే ఏ దేశంలో తయారైందో, మన దేశంలోకి ఎవరు దిగుమతి చేశారో ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. దిగుమతిదారు పేరు లేదంటే రేపు అడగడానికి మనిషి లేడని అర్థం.

## ప్రమాదం జరిగినప్పుడు

వస్తువు పేలింది, ఇంట్లో ఒకరికి కాలింది. ముందు ఏం చేయాలి?

మెయిన్ స్విచ్ ఆపండి, మనిషిని బయటికి తీసుకురండి, కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు ధారగా పొయ్యండి, ఆసుపత్రికి వెళ్లండి. 108 అంబులెన్సు ఒడిశాలోనూ ఉంది. టూత్‌పేస్టు, పసుపు పూయకండి.

డాక్టరుకు "కాలింది" అని మాత్రమే చెప్పకండి, "ఛార్జింగ్ పెట్టిన పవర్ బ్యాంకు పేలి కాలింది" అని చెప్పండి. చీటీలో ఆ మాట ఉండాలి. బరంపురం పెద్దాసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో పంపిస్తే అక్కడా అదే చెప్పి, డిశ్చార్జి కాగితంలో కారణం రాశారో లేదో చూసుకుని మరీ బయటికి రండి. నిప్పు అంటుకుంటే అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయండి, వాళ్లు రాసే రిపోర్టు తర్వాత బాగా పనికొస్తుంది. గాయం పెద్దదైతే పోలీస్ స్టేషన్‌లో కూడా రాయించండి.

ఆ వస్తువును కడగకండి, విప్పకండి, రిపేరుకు ఇవ్వకండి. చల్లారాక ఉన్నదున్నట్టు ఫోటోలు తీసి, ముక్కలతో సహా ఒక డబ్బాలో పెట్టి పిల్లలకు అందకుండా దాచండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ అయితే ఇంటి బయట, మండేవేమీ లేని చోట పెట్టండి.

డబ్బు వెంటనే ఇచ్చేస్తాం, వస్తువు తిరిగి ఇచ్చేయండి అంటున్నారు. ఇచ్చేయాలా?

ప్రమాదం జరిగితే వెంటనే ఇవ్వకండి. ఈ ఒక్క జవాబు కోసమే ఈ పేజీ మొదలుపెట్టాను.

ఒక చలికాలంలో మా ఇంటికి ఆన్‌లైన్‌లో హీటర్ రాడ్ తెప్పించాను. నాలుగో రోజు పొద్దున్న మా అమ్మ నీళ్లు వేడెక్కాయో లేదోనని బకెట్ దగ్గరకు వెళ్తే షాక్ కొట్టి విసిరేసింది. చెయ్యి కాలింది, నడుం పట్టేసింది, మూడు నెలలు సరిగ్గా నడవలేకపోయింది. నేను టెన్షన్‌లో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు, క్షమాపణ చెప్పారు, అదే సాయంత్రం మనిషి వచ్చి రాడ్ పట్టుకెళ్లాడు, మర్నాటికి డబ్బు పడింది. నేను వాళ్లను మెచ్చుకున్నాను కూడా. పది రోజుల తర్వాత ఆసుపత్రి ఖర్చు అడిగితే "ఆ ఆర్డర్ రిఫండ్‌తో ముగిసిపోయింది" అన్నారు. నా దగ్గర రాడ్ లేదు, ఫోటో లేదు, దాని మీద ముద్ర ఉందో లేదో కూడా నేను చెప్పలేకపోయాను. అదే రాడ్ అదే పేజీలో అమ్ముడవుతూనే ఉంది.

వస్తువులో లోపం ఉందో లేదో తేల్చాలంటే వినియోగదారుల కమిషన్ (అంటే వినియోగదారుల కోర్టు) దాన్ని ల్యాబుకు పంపిస్తుంది. వస్తువే లేకపోతే దేన్ని పంపుతుంది? అందుకని ఈమెయిల్‌లో ఇలా రాయండి: "ఈ వస్తువు వల్ల ఫలానా రోజు గాయమైంది. పరీక్ష కోసం దీన్ని నా దగ్గరే ఉంచుతున్నాను. మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు." డబ్బు తిరిగి వచ్చినా ఫరవాలేదు, తీసుకోండి. కానీ "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అనే మాట ఉన్న దేనికీ ఓకే కొట్టకండి, సంతకం పెట్టకండి. రిఫండ్ అంటే వస్తువు ఖరీదు. అమ్మ చెయ్యి ఖరీదు అందులో లేదు.

మా ఊళ్లో వోల్టేజీ సరిగ్గా ఉండదు. కంపెనీ ఆ వంక చెబితే?

తప్పకుండా చెబుతుంది. ఆ రోజు ఇంట్లో మిగతా వస్తువులు, పక్కింటివి బాగానే ఉన్నాయా అన్నది రాసి పెట్టుకోండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరింగ్, ఎర్తింగ్ చూపించి, ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నిజంగానే వోల్టేజీ పెరిగిందనిపిస్తే మన వైపు కరెంటు ఇచ్చే కంపెనీ టీపీఎస్ఓడీఎల్‌కు అదే రోజు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. నిజం ఎటున్నా మీ దగ్గర కాగితం ఉండాలి.

కొన్నది నేను, గాయం మా అమ్మకు. ఆర్డర్‌లో ఆమె పేరు లేదు.

ఇబ్బంది లేదు. కొన్నవాళ్ల అనుమతితో వాడినవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. మైనరు పిల్లల తరఫున తల్లిదండ్రులు, చనిపోయినవాళ్ల తరఫున వారసులు ఫిర్యాదు చేయొచ్చు.

ఎవరికీ ఏమీ కాలేదు, వస్తువు మాత్రం కాలిపోయింది. పరిహారం వస్తుందా?

వస్తువు ఖరీదు, సేవా లోపం కింద కొంత రావొచ్చు. ఇందాక చెప్పిన "హాని" కింద మాత్రం ఆ వస్తువుకు జరిగిన నష్టం ఒక్కటే లెక్కలోకి రాదు. మనిషికి గాయం, జబ్బు, మరణం, వాటి వల్ల కలిగిన మనోవేదన, మరో ఆస్తికి నష్టం అయితే వస్తాయి. పవర్ బ్యాంకు కాలడం వేరు, దానితో పాటు పరుపు, గోడ, బీరువా కాలడం వేరు.

మేమే తప్పుగా వాడామంటున్నారు.

తప్పుగా వాడినా, విప్పి మార్చినా అమ్మకందారు బాధ్యత తప్పించుకోవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. అందుకని మూడు పిన్నుల ప్లగ్గు కోసేసి రెండు పిన్నులది బిగించడంలాంటివి చేయకండి. మీరు చేయనిది చేశామని ఒప్పుకోకండి, చేసినది దాచకండి. జాగ్రత్తలు చెప్పే కాగితమే డబ్బాలో లేకపోతే ఆ సంగతి ఫిర్యాదులో రాయండి.

## ఫిర్యాదు, కేసు

ముందు ఎవరికి ఫిర్యాదు చేయాలి?

యాప్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు. పేరు, వివరాలు వాళ్ల యాప్‌లోనే ఉండాలి. 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్ వేరు, ఈ ఫిర్యాదు వేరు. చాట్‌లో మూడు వారాలు తిరిగి అలసిపోయినవాళ్లను ఎంతమందినో చూశాను.

దాంతో పాటు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మాట్లాడి తేల్చడానికి చూస్తారు. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలడం చూశాను. గాయాల పరిహారానికి మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సిందే.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. పార్సిల్ పాతపట్నంలో మా అత్తగారి అడ్రస్‌కు తెప్పించాను. కేసు ఆంధ్రాలో వేయాలా, ఒడిశాలోనా?

మీరు ఉండే చోట వేయొచ్చు, అంటే గజపతి జిల్లా కమిషన్‌లో. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. సరిహద్దు ఊళ్లలో మనకు ఇది పెద్ద మేలు. డెలివరీ తొందరగా వస్తుందని అటువైపు పిన్‌కోడ్ పెట్టడం మన దగ్గర మామూలే కదా. నివాసానికి ఆధార్, కరెంటు బిల్లు జతచేయండి. అత్తగారి అడ్రస్‌కు ఎందుకు తెప్పించారో ఒక వాక్యంలో రాయండి. గాయపడింది అత్తగారైతే ఆవిడ పేరున శ్రీకాకుళంలో వేయడం సుళువు.

యాప్ షరతుల్లో "బెంగళూరు కోర్టులకే అధికారం" అని ఉంది.

ఆ షరతు చట్టం ఇచ్చిన హక్కును తీసేయలేదు. మీ జిల్లాలోనే వేయండి.

ఫీజు ఎంత? వకీలు ఉండాలా? తెలుగులో రాయొచ్చా?

వస్తువుకు మీరు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ఇంటి సరుకులన్నీ దాదాపు ఈ లెక్కలోకే వస్తాయి. మీరు అడిగే పరిహారం కాదు, కట్టిన ధరే లెక్క. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు, వీడియోలో విచారణ అడగొచ్చు. ఫిర్యాదు మాత్రం ఇంగ్లీషులో గానీ ఒడియాలో గానీ రాయించండి. ఆంధ్రాలో తీసుకున్న తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేస్తే వాయిదాలు తగ్గుతాయి.

ఎంత కాలంలోపు వేయాలి? ఎన్నాళ్లు పడుతుంది?

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వస్తువును ల్యాబులో పరీక్షించాల్సి ఉంటే ఐదు నెలల్లో, లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఓపికతో సిద్ధపడండి.

నాకు డబ్బు వద్దు. ఆ వస్తువు ఇంకెవరికీ అమ్మకుండా ఆపాలి. దారి ఉందా?

ఉంది. ఇలా అడిగేవాళ్లు తక్కువే గానీ, అడిగినప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది. ఎక్కువమందికి నష్టం చేసే విషయమైతే వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, నేరుగా సీసీపీఏకు కూడా పంపొచ్చు. వస్తువు వెనక్కి రప్పించే, అమ్మకం ఆపించే, డబ్బు తిరిగి ఇప్పించే అధికారం సీసీపీఏకు ఉంది. ముద్ర లేని సరుకు గురించి బీఐఎస్‌కు రాయండి. కలెక్టరు ఆఫీసులో ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మరచిపోకండి. లిస్టింగ్ లింకు, అమ్మకందారు పేరు, ఫోటోలు ఉంటే ఒక్క పేజీ చాలు.

## మనమే అమ్ముతున్నప్పుడు

మా ఆవిడ వాట్సాప్ గ్రూపులో వస్తువులు రీసెల్లింగ్ చేస్తుంది. ఆమె మీదకు వస్తుందా?

ఎప్పుడో ఒకసారి ఇంట్లో పాత మిక్సీ అమ్మితే రాదు. రోజూ ఫోటోలు పెట్టి, ఆర్డర్లు తీసుకుని, మీద లాభం వేసుకుంటే అది వ్యాపారమే. "షాక్ కొట్టదు, గ్యారంటీ నాది" అని గ్రూపులో రాస్తే ఆ హామీ ఆమెదే అవుతుంది. చీరలు, గాజులు అమ్ముకోవడంలో ఈ భయం తక్కువ. కరెంటు వస్తువులు, పిల్లల బొమ్మలు, ముఖానికి రాసే తెల్లబడే క్రీములు వద్దని చెప్పండి.

ఆన్‌లైన్‌లో హోల్‌సేల్‌గా కొని సంతలో అమ్ముతాను. సరుకు చెడ్డదైతే నేను వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

తిరిగి అమ్మడానికి కొన్నవాళ్లు ఈ చట్టంలో వినియోగదారులు కారు. మీకు సరుకు ఇచ్చినవాడి మీద వేరే దారిలో వెళ్లాలి. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే కుట్టుమిషనో, టిఫిన్ బండి గ్రైండరో అయితే వెళ్లొచ్చు.

ఇంకో సంగతి. ముద్ర తప్పనిసరైన వస్తువును ముద్ర లేకుండా అమ్మితే మొదటి తప్పుకే రెండు లక్షలకు తగ్గకుండా జరిమానా గానీ, రెండేళ్ల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని బీఐఎస్ చట్టంలో ఉంది. అది యాప్‌కూ వర్తిస్తుంది, సంతలో గోనె పరిచి అమ్మే మనకూ వర్తిస్తుంది.

అమ్మేశాక తెలిసింది, ఆ కుక్కర్లకు ముద్ర లేదని. ఇప్పుడేం చేయాలి?

మిగిలిన సరుకు ఇప్పుడే పక్కన పెట్టండి. ఎవరెవరికి అమ్మారో గుర్తు తెచ్చుకుని ఈ రోజే ఫోన్ చేయండి. "రేపు సంతకు వస్తే చెబుదాం" అనుకోకండి, ఎందుకంటే ఈ రాత్రి ఆ ఇంట్లో అన్నం వండుకుంటారు. ఫోన్ నంబరు లేనివాళ్లకు వాళ్ల ఊరివాళ్ల ద్వారా కబురు పంపండి. కుక్కర్ తీసుకుని డబ్బు తిరిగివ్వండి, ఇచ్చినట్టు ఒక పుస్తకంలో రాయించుకోండి. తర్వాత ఆ బిల్లులు పట్టుకుని, మీకు అమ్మినవాడి మీద, ఆ సరుకు పెట్టిన యాప్ మీద బీఐఎస్‌కు ఫిర్యాదు చేయండి. రాయడం రాకపోతే నా దగ్గరకు రండి, రాసిపెడతాను.